ఆ మాట అనకుండా

మొన్న సోమవారం మధ్యాహ్నం పోస్టులో ఒక ఉత్తరం వచ్చింది. ఈ రోజుల్లో పోస్టులో ఉత్తరం రావటమే ఒక విశేషం. వస్తే గిస్తే బ్యాంకు వాళ్ళదో, ఎల్.ఐ.సి. వాళ్ళదో వస్తుంది. ఇది మాత్రం ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీ నుంచి. ఏ ఊరని అడక్కండి, చెప్పను. ఆ ప్రిన్సిపాలుగారు పాపం మంచివారే. మా కుటుంబం ఊరూరా తిరిగి ఆడపిల్లలకి ఆరోగ్య విషయాలు చెప్తున్నామని విన్నారట, చాలా సంతోషించారట, శుక్రవారం మూడు గంటలకి తమ కాలేజీకి దయచేయాలట. ఇంతవరకూ బాగానే ఉంది. అడుగున ఒక చిన్న మనవి. పిల్లలు చిన్నవాళ్ళు, తల్లిదండ్రులు సంప్రదాయ కుటుంబాలవారు, కనక ఉపన్యాసంలో "ఆ మాట" రాకుండా చూసుకోగలరని!

ఆ మాట ఏమిటో ఉత్తరంలో కూడా రాయలేదు చూశారూ?

నేను ముప్ఫయ్యొక్క ఏళ్ళు తెలుగు పంతులమ్మగా పనిచేసి రిటైరైన మనిషిని. ఆ మాట రాకుండా ప్రబంధ సాహిత్యం చెప్పమనండి, చూద్దాం! మన కవిపుంగవులు దాన్ని కొండలతో పోల్చారు, బంగారు కుంభాలతో పోల్చారు, చక్రవాకాల జంటతో పోల్చారు. పోల్చటానికి ఇంకేమీ మిగలక మళ్ళీ కొండల దగ్గరికే వచ్చారు. ఇన్ని వందల ఏళ్ళు ఇంతమంది కవులు ఇంత శ్రద్ధగా పరిశీలించి కూడా, అందులో బఠాణీ గింజంత గడ్డ తగిలితే ఆ అమ్మాయి ఏం చెయ్యాలో ఒక్క మహానుభావుడూ చెప్పలేదు. మేం మాత్రం తక్కువ తిన్నామా? అలాంటి పద్యం వచ్చినప్పుడల్లా "ఇది పరీక్షకి రాదమ్మా" అని పేజీ తిప్పేసేవాళ్ళం. పిల్లలు ఇంటికెళ్ళి ముందు ఆ పద్యమే చదువుకునేవాళ్ళు, అది వేరే సంగతి.

రొమ్ము.

ఇదిగో, రాశాను. ఆకాశం విరిగి మీద పడలేదు. పాలు తాగి రొమ్ము గుద్దినట్టు అని సామెత మనకు ఉండనే ఉంది. పెద్దవాళ్ళు పంచాయితీల్లో నలుగురి ముందు నిక్షేపంలా అంటారు. మగవాడు రొమ్ము విరుచుకుని నడిస్తే మెచ్చుకుంటాం. అంటే మాటలో తప్పేమీ లేదన్నమాట. అది ఆడదానిదైతేనే, అందులోనూ దానికి జబ్బు చేస్తేనే, "అక్కడ" అవుతుంది, "ఇక్కడ" అవుతుంది, మరీ మర్యాదస్తుల ఇళ్ళల్లో "గుండె దగ్గర" అవుతుంది.

ఈ గుండె దగ్గర సంగతే మా ఇంటి కథ.

మా పిన్ని 1976లో పోయింది. ముప్ఫైరెండేళ్ళ మనిషి. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఏం జబ్బే అమ్మా అంటే, "గుండె జబ్బే తల్లీ" అన్నారు. పిన్ని మెట్లెక్కితే ఆయాసపడగా నేనెప్పుడూ చూడలేదు. దొడ్లో బావి దగ్గర రెండేసి బిందెలు తోడుకుని చంకనొకటి, చేతనొకటి పట్టుకొచ్చేది. అయినా పెద్దవాళ్ళు చెప్పారు కదా, నమ్మాం. ఆ ఏడే మా చెల్లెలు పుట్టింది. పోయిన పిన్ని పేరే దానికి పెట్టుకున్నారు. పేరు పిలుచుకున్నాం, జబ్బు దాచుకున్నాం.

2008లో ఒక రోజు చెల్లెలు నాకు ఫోను చేసింది. దానికి రెండో కాన్పు అయి ఎనిమిది నెలలు. ఆ మాటా ఈ మాటా చెప్పి, ఫోను పెట్టేసేముందు, "అక్కా, ఇక్కడ ఏదో గట్టిగా తగుల్తోందే" అంది.

"ఇక్కడంటే ఎక్కడే?"

"ఇక్కడే."

ఫోనులో "ఇక్కడ" ఎలా కనపడుతుంది చెప్పండి? కానీ నాకు అర్థమైంది. ఆడవాళ్ళకి అర్థమౌతుంది. అర్థమయ్యే, నేను, ఎమ్.ఏ. చదివిన దాన్ని, పక్క ఊరి పంతులమ్మని, "పాలు గడ్డకట్టి ఉంటాయే, వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకో" అన్నాను. పిల్లాడికి పాలు మాన్పించాలనుకుంటే మల్లెపూలు కట్టుకోమని కూడా చెప్పాను. మన ఇళ్ళల్లో ఉన్నదే ఆ చిట్కా. అది మల్లెపూలు కట్టుకుంది. నొప్పి లేదు కదా అనుకుంది. నొప్పి లేదంటే నేనూ హమ్మయ్య అనుకున్నాను. నొప్పి లేకపోవటమే ఈ జబ్బు పోకడ అని నాకు అప్పటికి తెలీదు. చాలా గడ్డలు మొదట్లో నొప్పి పెట్టవు. పెట్టి ఉంటే బతికిపోయేవాళ్ళు ఎంతమందో.

ఈలోగా ఆడబిడ్డ పెళ్ళి వచ్చింది. పెళ్ళింట్లో ఆ మాట ఎవరితో చెప్తుంది? పెళ్ళయ్యాక ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే ఆవిడ పైపైన చూసి పాలిచ్చే తల్లులకి ఇది మామూలే అని మాత్రలిచ్చి పంపింది. మొత్తం ఏడు నెలలు. అప్పటికి చర్మం కమలాపండు తొక్కలా గుంటలు గుంటలు పడింది, చంకలో రెండో గడ్డ తగిలింది. అప్పుడు హైదరాబాదు తీసుకెళ్ళాం.

అక్కడి డాక్టరుగారు కాగితం ముందు పెట్టుకుని వరసగా అడుగుతున్నారు. మీ తల్లి తరఫున గానీ తండ్రి తరఫున గానీ ఎవరికైనా రొమ్ము క్యాన్సరు వచ్చిందా? మా చెల్లెలు తడుముకోకుండా "లేదండీ" అంది. ఆయన "లేదు" అని రాసుకున్నాడు. నేనూ పక్కనే ఉన్నాను. బయటికొచ్చి వరండాలో బల్లమీద కూర్చున్నాక, మా అమ్మ నా చెయ్యి పట్టుకుని, ఎవరూ వినకుండా, "మీ పిన్నికీ ఇదేనే" అంది.

ముప్ఫైరెండేళ్ళు దాచిన మాట. అప్పట్లో ఇంట్లో పెళ్ళి కావలసిన ఆడపిల్లలు ఇంకా ఇద్దరున్నారు, అందుకని తాతయ్య ఎవరితో అనొద్దన్నాడట. ఆ ఇద్దరి పెళ్ళిళ్ళూ సలక్షణంగా జరిగాయి. ఆ గుట్టు ఖరీదు మాత్రం తరవాతి తరం కట్టింది.

అన్యాయంగా మాట్లాడకూడదు. ఇంట్లో ఒకరికి వచ్చినంత మాత్రాన అందరికీ రావాలని లేదు. నూరు కేసుల్లో జన్యువుల వల్ల వచ్చేవి అయిదు నుంచి పది లోపే అంటారు. మిగతావాటిలో ఎక్కువ భాగానికి వంశంతో పని లేదు. కానీ చిన్న వయసులో ఒక పిన్నికి వచ్చిందంటే, అది తెలిసిన మేనకోడలు తన ఒంట్లో గడ్డ తగిలితే మల్లెపూలు కట్టుకుని కూర్చోదు. తెలిసిన అక్క కాపడం పెట్టుకోమనదు. నా బాధల్లా అదే.

ఆపరేషను చేశారు, కీమో ఇచ్చారు, కరెంటు పెట్టారు. 2011లో, పిల్లకి ఎనిమిదేళ్ళు, పిల్లాడికి మూడేళ్ళు ఉండగా, ఎముకలకీ కాలేయానికీ పాకి పోయింది. దీన్ని గురించి ఇంతకంటే రాయను.

ఈ ఊరూరా తిరగటం మొదలెట్టింది నేను కాదు, మా మరిది. ఆయన మాట్లాడితే పక్కవాళ్ళకి కూడా వినపడదు. చెల్లెలి సంవత్సరీకాలకి వచ్చిన ఆడవాళ్ళందరినీ భోజనాలయ్యాక కూర్చోబెట్టి, నేలచూపులు చూస్తూ, "మా ఆవిడ రొమ్ము క్యాన్సరుతో పోయింది. ఎవరికైనా గడ్డ తగిలితే సిగ్గుపడకుండా చూపించుకోండమ్మా" అన్నాడు. అంతే. అంత నిశ్శబ్దం నేను ఆ ఇంట్లో దాని శవం పడుకోబెట్టిననాడు కూడా వినలేదు. కొందరు లేచి వెళ్ళిపోయారు. ఒకావిడ, ఆబ్దికం నాడు ఇదేం అప్రాచ్యం అంది. ఇంకో ఆవిడ మాత్రం వంటింట్లోకి వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. ఆవిడకి ఉన్నది ఉత్త నీటితిత్తి అని తరవాత తేలింది. నాలుగు నెలలుగా నిద్ర లేదట పాపం.

అప్పట్నుంచీ ఇదే మా పని. డ్వాక్రా సంఘాలు, కాలేజీలు, గుడి మండపాలు, ఒకసారి ఒక బట్టల కొట్లో సేల్సు పిల్లల కోసం కొట్టు కట్టేశాక రాత్రి తొమ్మిదిన్నరకి. మా మేనల్లుడు గోడకి వేలాడదీసే బ్యానరు రాస్తాడు. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేవాడు. నూటికొకటి మగవాళ్ళకీ వస్తుందని తెలిశాక కొంచెం దారికొచ్చాడు.

ఇప్పుడు మాకొచ్చే అభ్యంతరాలు చెప్తాను.

మొదటిది పెళ్ళిళ్ళ పేరయ్యగారిది. "అమ్మా, మీరు మా ఇంట్లో ఈ జబ్బుందహో అని దండోరా వేస్తుంటే పిల్లకి సంబంధం నేనెక్కణ్ణించి తెచ్చేది?" అన్నాడాయన. మా మేనకోడలు అక్కడే ఉంది. "షుగరున్న ఇళ్ళకి సంబంధాలు రావటం లేదా తాతగారూ?" అంది. ఆయన, "షుగరు వేరమ్మా" అన్నాడు. ఏం వేరో చెప్పలేకపోయాడు. చోటు వేరు, అంతే. ఈ జన్యువుల సంగతి, బి.ఆర్.సి.ఎ. ఒకటి, రెండు అంటారు, 1994లోనూ 1995లోనూ కనిపెట్టారు. అవి తల్లి వైపు నుంచి ఎంత వస్తాయో తండ్రి వైపు నుంచీ అంతే వస్తాయి. మరి పిల్లవాడి మేనత్తలు దేనితో పోయారని ఏ పెళ్ళిచూపుల్లోనైనా ఎవరైనా అడిగారా? అడిగితే వాళ్ళు మాత్రం "గుండె జబ్బండీ" అనరని ఏమిటి నమ్మకం? అయినా అబద్ధమెందుకు, రెండు సంబంధాలు నిజంగానే వెనక్కి పోయాయి. రెండోది పోయిన రాత్రి మా మరిది అన్నం తినలేదు.

ఆ పిల్ల పరీక్ష చేయించుకుందా, ఫలితం ఏమొచ్చింది అని మీరడగొచ్చు. అది దాని సొంత విషయం. కట్టుకోబోయేవాడికి అది చెప్పుకుంటుంది, పేపర్లో నేను రాయను. ఇదేమిటి, దాచొద్దని చెప్పి నువ్వే దాస్తున్నావే అనకండి. ఒకరి రక్తపరీక్ష కాగితం ఊరందరూ చదవక్కర్లేదు. కానీ రక్తసంబంధీకులకి చెప్పవలసినది చెప్పకపోతే అది గుట్టు కాదు, ద్రోహం.

రెండో అభ్యంతరం చదువుకున్నవాళ్ళది, కాబట్టి కాస్త బరువైనది. అమెరికాలో ఉన్న మా అన్నయ్య కొడుకు ఫోనులో అన్నాడు. "అత్తా, చేత్తో తడిమి చూసుకోవటం వల్ల ఉపయోగం లేదని ఎప్పుడో తేల్చారు. నువ్వింకా పాతకాలంలోనే ఉన్నావు." వాడు చెప్పింది అబద్ధం కాదు. చైనాలో షాంఘై బట్టల మిల్లుల్లో 2,66,000 మంది పనివాళ్ళని రెండు జట్లు చేసి, 1989 నుంచి ఒక జట్టుకి ఈ పద్ధతి శ్రద్ధగా నేర్పారు. 2002లో లెక్క చూస్తే చావుల్లో తేడా లేదు. పైపెచ్చు అపాయం లేని గడ్డలకి అనవసరంగా కోతలు ఎక్కువయ్యాయి. అందుకే మేము నెలనెలా ఫలానా తిథినాడు, ఫలానా వైపు నుంచి మొదలెట్టి, ఇన్నిసార్లు అని ఒక నోముగా చెప్పం. మనకి ఉన్న నోములు చాలు.

కానీ వాడు రెండో సగం చెప్పలేదు. బొంబాయిలో టాటా మెమోరియల్ వారు లక్షన్నర మంది ఆడవాళ్ళమీద ఇరవై ఏళ్ళు ఒక పరిశోధన చేశారు. తర్ఫీదిచ్చిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి వచ్చి చేత్తో పరీక్ష చేశారు, అంతే, మిషను లేదు, కరెంటు లేదు. 2021లో ఫలితాలు వచ్చాయి. జబ్బు ముందు దశల్లోనే దొరికింది. యాభై దాటినవాళ్ళలో చావులు నూటికి ముప్ఫై దాకా తగ్గాయి. యాభై లోపువాళ్ళలో ఆ తగ్గుదల కనపడలేదు. సర్కారు వారి పరీక్షలు ముప్ఫై దాటితేగాని లేవు. మామోగ్రాం మామూలుగా నలభైకి గాని చెప్పరు, ఎందుకంటే చిన్న వయసులో కణజాలం దట్టంగా ఉండి ఆ ఫొటోలో సరిగ్గా తెలియదు. మరి పందొమ్మిదేళ్ళ పిల్లకి, ఇరవై ఆరేళ్ళ బాలింతకి ఏముంది? ఏ పథకమూ వాళ్ళ గుమ్మంలోకి రాదు. వాళ్ళకున్నదల్లా తన ఒళ్ళు తనకి తెలిసి ఉండటం, మార్పొస్తే నోరు తెరిచి చెప్పగలగటం, విన్నవాళ్ళు కాపడం పెట్టుకోమనకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళటం. ఆ నోరు తెరవటానికే మాట కావాలి. ఆ మాటనే వద్దంటున్నారు ప్రిన్సిపాలుగారు!

మేము చెప్పేది చాలా కొంచెం. స్నానం చేసేటప్పుడో బట్టలు మార్చుకునేటప్పుడో నీ ఒళ్ళు మామూలుగా ఎలా ఉంటుందో నువ్వు ఎరిగి ఉండు. కొత్తగా గడ్డ తగిలినా, చర్మం గుంటపడినా, చనుమొన లోపలికి లాక్కున్నా, నెత్తురు కనపడినా, చంకలో వాచినా, నొప్పి ఉందా లేదా అని చూడక చూపించుకో. నీ వయసులో తగిలే గడ్డల్లో చాలా భాగం క్యాన్సరు కావు, భయపడకు. కానీ అవునో కాదో చెప్పవలసింది అమ్మమ్మ కాదు, డాక్టరు. చేత్తో చూస్తారు, అల్ట్రాసౌండు చేస్తారు, అవసరమైతే సూదితో ముక్క తీస్తారు. సూది గుచ్చితే జబ్బు రేగుతుందనేది ఉత్త మాట. పాలిస్తున్నా సరే, కడుపుతో ఉన్నా సరే, పోని గడ్డని పాలగడ్డ అని వదిలెయ్యకు. పదిహేను నిమిషాల ఉపన్యాసం. ఇందులో ఏది బూతో నాకు తెలీక అడుగుతాను.

ఇది బీదల జబ్బూ కాదు, ముసలివాళ్ళ జబ్బూ కాదు. మన దేశంలో 2022లో కొత్తగా వచ్చినవాళ్ళు సుమారు 1,92,000 మంది అని అంచనా. పోయినవాళ్ళు 98,000. పడమటి దేశాలకంటే మన దగ్గర దాదాపు పదేళ్ళు ముందు వయసులోనే వస్తోందని మన డాక్టర్లు మొత్తుకుంటున్నారు. 1974లో అమెరికా అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డు తనకి ఆపరేషనైన సంగతి దాచకుండా లోకానికి చెప్పింది. దేశమంతా ఆడవాళ్ళు పరీక్షలకి పరిగెత్తారు. కొన్ని వారాల్లోనే హ్యాపీ రాక్‌ఫెల్లర్, ఉపాధ్యక్షుడు కాబోయే ఆయన భార్య, తనకీ ఉందని కనుక్కుంది. అంత దూరం ఎందుకు, మన హైదరాబాదులోనే డాక్టరు రఘురాంగారు 2007లో తన తల్లి ఉషాలక్ష్మిగారి పేరు మీద ఫౌండేషను పెట్టారు. ఆవిడా డాక్టరే, ఆవిడకీ ఈ జబ్బు వచ్చింది. ఆ తల్లి పేరు బోర్డుమీద రాయించారు, బీరువాలో పెట్టి తాళం వెయ్యలేదు. మేము మా పిన్ని పేరు పిల్లకి పెట్టుకుని ఆవిడ జబ్బుని బావిలో పడేశాం.

అక్టోబరు నెలలో గులాబి రంగు చీరలు కట్టుకుని, గులాబి రంగు కేకు కోసి, ఫొటోలు దిగే సంఘాలవాళ్ళు కూడా పిలుస్తారు. వెళ్తాం. కేకు బాగుంటుంది. ఒకచోట అధ్యక్షురాలు అరగంట మాట్లాడి, "మహిళల్లో వచ్చే ఒకానొక వ్యాధి" అని ఆరుసార్లు అంది. నేను లెక్కపెట్టాను.

మా అమ్మకిప్పుడు ఎనభైనాలుగేళ్ళు. మోకాళ్ళు వంగవు. అయినా కాలేజీలంటే వస్తానంటుంది. మా అందరి మాటలూ అయ్యాక, కుర్చీలోంచి లేవకుండానే మైకు పుచ్చుకుంటుంది. "మా చెల్లెలికి రొమ్ము క్యాన్సరు వచ్చింది. నాకు తెలుసు. నా కూతురికి నేను చెప్పలేదు" అంటుంది. ఇంకేమీ అనదు, మైకు తిరిగిచ్చేస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నేను వారించబోయాను. ఎందుకే అమ్మా, నువ్వు నీ మీద వేసుకుంటావు, ఆ రోజులు అలాంటివి అన్నాను. "ఆ రోజులు నన్నేం చెయ్యమన్నాయో నాకు తెలుసు, నువ్వూరుకో" అంది.

ప్రిన్సిపాలుగారికి నిన్ననే జవాబు రాశాను. ఆ మాట ఉపన్యాసంలో సుమారు ముప్ఫైసార్లు వస్తుందనీ, మా మేనల్లుడు రాసే బ్యానరుమీద అరచెయ్యంత అక్షరాలతో ఉంటుందనీ, అది లేకుండా చెప్పటం మా వల్ల కాదనీ, పిలుపు వెనక్కి తీసుకోవాలనుకుంటే గురువారం లోపల ఫోను చెయ్యవలసిందనీ రాశాను. వీలైతే పిల్లల తల్లుల్ని కూడా పిలవమన్నాను. ఫోను ఇంకా రాలేదు. శుక్రవారం పొద్దున తొమ్మిదింటి బస్సుకి బయల్దేరుతున్నాం. అడుగున మరో రెండు మనవులు నేనూ రాశాను: మైకు ముందే సరిచూసి ఉంచండి, మా మరిదిది చిన్న గొంతు. మా అమ్మ కోసం చేతులున్న కుర్చీ ఒకటి మొదటి వరసలో వేయించండి.